మూడోసారి రాసిన పరీక్ష



నాకు చదువు చెప్పిన మాస్టారు క్లాసుకు వచ్చేటప్పుడు చంకలో పిల్లల పుస్తకం ఒకటి ఉండేది. పాఠం కాస్త ముందే ముగించి ఎవరిదో ఒకరి జీవితకథ చదివి వినిపించేవారు. ఆయన శిష్యుడిగా నేనూ నా తరగతుల్లో అదే చేశాను. వాటిలో ముఖ్యంగా ఒక కథ గురించి ఈరోజు మాట్లాడతాను.

వైద్య పరిశోధకుడు యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. పిల్లల కోసం రాసే పుస్తకాలు తరచూ అక్కడి నుంచి ఒక్క గెంతులో అమెరికా చేరిపోతాయి. నిజానికి పిల్లలకు కావలసిందంతా ఆ మధ్యలోనే ఉంది. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని పదమూడేళ్ల పిల్లాడు ఇల్లు వదిలి పారిపోయాడు. తల్లి వెనక్కి తీసుకొచ్చింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. మూడోసారి గట్టెక్కాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడికి కోపం వచ్చింది, ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

"రెండుసార్లు తప్పాడు" అన్న చోట నేను పుస్తకం మూసేసేవాణ్ణి. ఇప్పుడేం చేస్తాడో చెప్పమనేవాణ్ణి. ఒక ఏడాది, తొమ్మిదో తరగతి రెండోసారి చదువుతున్న కుర్రాడు, అప్పటిదాకా క్లాసులో నోరు విప్పనివాడు, లేచి నిలబడి అడిగాడు: "మళ్లీ ఫీజు ఎవరు కట్టారు సార్?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న వల్లే మిగతా కథ వెతుక్కున్నాను. మెడిసిన్ చదువుకు స్నేహితులు, తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి సాయం చేశారు. అమెరికా ప్రయాణానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండగా నిలిచింది. ఆ పేర్లు లేకుండా సుబ్బారావు గారి కథ చెబితే, తన పట్టుదల చాలలేదు కాబోలునని పేద పిల్లవాడు తనను తానే నిందించుకుంటాడు. ఇది నేను కళ్లారా చూశాను.

బోదకాలు ఉన్న జిల్లాల్లో ఆరోగ్య సిబ్బంది దగ్గరుండి మింగించే డి.ఇ.సి. మాత్ర అమెరికాలో ఆయన నాయకత్వంలో జరిగిన పరిశోధన ఫలితమే. ఆ మాత్ర మింగిన పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడండి. జయంతి, వర్ధంతి తేదీలు బట్టీ పట్టించనవసరం ఉండదు.

స్వాతంత్ర్య సమరయోధురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథకూ ఇదే కత్తెర పడుతోంది. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల సమయంలో, టికెట్ లేదని నెహ్రూనే ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపిన అమ్మాయిగా ఆమెను చూపిస్తాం. ఎనిమిదేళ్లకే ఆమెకు పెళ్లి చేశారన్నది దాటేస్తాం. పెళ్లి మాటలు మొదలై బడికి రావడం తగ్గించిన ఆడపిల్లకు వినిపించవలసింది ఆ భాగమే, ఆ పెళ్లిలోంచి ఆమె బయటికి వచ్చిన సంగతే.

ఉపాధ్యాయ మిత్రులారా, మీ బడి బీరువాలో తాళం కింద ఉన్న పిల్లల జీవితకథలను బయటికి తీయండి. వారానికి ఒక్క పీరియడ్ చాలు. పిల్లలు అడగబోయే ప్రశ్న దగ్గర పుస్తకం మూసి, వాళ్లు మాట్లాడేదాకా ఆగండి.