జాబితాలో ఖాళీగా మిగిలిన గడులు
(మన హైస్కూలు స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లల కోసం సంస్థ పెట్టిన అనుభవం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను కరెంటు ఇంజనీరును. ముప్పై ఏళ్లకు పైగా సబ్‌స్టేషన్లలో పనిచేసినవాణ్ణి, ఉపన్యాసాలు అలవాటు లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, చేసిన తప్పులతో సహా.

2018లో మా పదో తరగతి బ్యాచ్ వాళ్లం ఒకసారి కలుద్దామనుకున్నాం. మాది 1985 బ్యాచ్. చిరునామాలు సేకరించే పని నాకు అప్పజెప్పారు. మగపిల్లల గడులు నెల రోజుల్లో నిండిపోయాయి. ఒకడు హైదరాబాదు, ఒకడు బెంగళూరు, ఒకడు మార్కాపురంలో పలకల వ్యాపారం, ఇద్దరు ఊళ్లోనే సేద్యం. ఆడపిల్లల గడులు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఇంటిపేరు మారింది, ఊరు మారింది. పుట్టింట్లో అడిగితే, ఎందుకు అడుగుతున్నావన్నట్టు చూశారు.

హెడ్మాస్టరు గారి అనుమతితో పాత రిజిస్టర్లు తిరగేశాను. ఎనిమిదో తరగతిలో మాతో 14 మంది అమ్మాయిలు ఉన్నారు. పదో తరగతి పరీక్ష రాసింది ఐదుగురు. మిగతా తొమ్మిది మంది ఏమయ్యారని అప్పట్లో మేం ఎవరినీ అడగలేదు. బెంచీ ఖాళీ అయితే జరిగి కూర్చున్నాం, అంతే.

ఆ తొమ్మిది మందిలో ఒకామె లెక్కల్లో మా క్లాసుకే ఫస్టు. ఆమె నోటుబుక్కు అడిగి తెచ్చుకుని నేను ఆల్జీబ్రా నేర్చుకున్నాను. తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లో ఆమె పెళ్లయింది. సెలవులు అయ్యాక ఆమె బడికి రాలేదు. నోటుబుక్కు నా దగ్గరే ఉండిపోయింది. ఆ లెక్కలతోనే నేను పాలిటెక్నిక్‌కి, ఆ తరువాత ఇంజనీరింగుకి వెళ్లాను.

ఎట్లాగో ఆమె ఫోను నంబరు దొరికింది. బ్యాచ్ కలయికకు రమ్మని పిలిచాను. ఆమె ఏమన్నదో అట్లాగే చెబుతాను. "నన్నెందుకు వెతికావన్నా? నేను టెన్త్ రాయనే లేదు కదా. నేను కూడా మీ లెక్కలోకి వస్తానా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అది పాత కాలం, ఇప్పుడు అట్లా లేదనుకునేవాణ్ణి. నిజమే, చాలా మారింది. కానీ 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. మన ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మధ్య స్త్రీలలో సుమారు 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తం మీద అది సుమారు 23 శాతం. చట్టం 2006 నుంచి ఉంది, బళ్లు ఉన్నాయి, పథకాలు ఉన్నాయి. అయినా లెక్క ఇదీ.

మా బ్యాచ్ వాళ్లం నలుగురం, మా ఇళ్ల ఆడవాళ్లు ముగ్గురు కలిసి 2019లో సంస్థ రిజిస్టరు చేశాం. మన రాష్ట్రంలో 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుంటే చాలు. నియమావళి రాసుకున్నాం, పాన్ కార్డు తీసుకున్నాం, ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు కదిలేలా బ్యాంకు ఖాతా తెరిచాం. ఇట్లాంటిది పెట్టాలనుకునే తమ్ముళ్లకు ఒక మాట: ఈ కాగితాల పని కష్టమేమీ కాదు. ఒక మంచి ఆడిటరు ఉంటే అయిపోతుంది. అసలు కష్టం ఆ తరువాత మొదలవుతుంది.

మొదటి ఏడాది మేం చేసింది చెబితే మీకు నవ్వొస్తుంది. 20 మంది అమ్మాయిలను ఎంపిక చేసి 20 సైకిళ్లు ఇచ్చాం. షామియానా వేశాం, శాలువాలు కప్పుకున్నాం, ఫోటోలు దిగాం. నేను గంటసేపు మాట్లాడాను. పదో తరగతి మార్కులతోనే సీటు వచ్చే ట్రిపుల్ ఐటీల గురించి, ఇడుపులపాయ, నూజివీడు, ఒంగోలు క్యాంపస్‌ల గురించి, ఆరేళ్ల కోర్సు గురించి చెప్పాను. చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నాను. ఒక పిల్ల లేచి, "సార్, ఆరేళ్లు నేను హాస్టల్లో ఉంటే మా బర్రెల్ని ఎవరు చూస్తారు?" అని అడిగింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు. ఆమె అడిగింది నిజమైన ప్రశ్న, నా దగ్గర జవాబు లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బళ్లు మూతపడ్డాయి. పిల్లలను వదిలేయకూడదని మేం వారానికొకసారి ఫోన్లు చేయడం మొదలుపెట్టాం. ఒక్కొక్కరికి నలుగురైదుగురు పిల్లలు. నా వంతులో ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి ఉంది. చేసిన ప్రతిసారీ, "బాగున్నాను సార్, చదువుకుంటున్నాను సార్" అనేది. నేను పుస్తకంలో టిక్కు పెట్టుకునేవాణ్ణి. మూడు నెలలు టిక్కులు పెట్టాను. నాలుగో నెల ఫోను ఎత్తలేదు. కనుక్కుంటే పెళ్లయి పది రోజులైంది.

ఆ వార్త ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఆ నోటుబుక్కు ఇచ్చిన సహాధ్యాయినికే చెప్పాను. ఆమె ఓదార్చలేదు. ఒకటే అడిగింది. "ఆ ఫోను ఎవరిదన్నా?"

వాళ్ల నాన్నది. నేను ఫోను చేసినప్పుడల్లా ఆ తండ్రి పక్కనే ఉన్నాడు. ఆ పిల్ల ఇంకేమని చెబుతుంది?

సబ్‌స్టేషన్‌లో మేం గంటగంటకూ మీటర్ల రీడింగులు లాగ్ పుస్తకంలో రాస్తాం. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయాక తెలుసుకోవడానికి ఆ పుస్తకం అక్కర్లేదు, పొగ చూస్తేనే తెలుస్తుంది. కాలకముందే వేడి పెరుగుతోందని తెలియాలి, అందుకే ఆ రీడింగులు. నేను అక్కడికి పోయి మీటరు చూడకుండానే రీడింగు రాసినవాణ్ణి. ఉద్యోగంలో అట్లా చేస్తే నన్ను ఇంటికి పంపేవాళ్లు.

అప్పుడు పద్ధతి మొత్తం మార్చుకున్నాం. ఇప్పుడు నడుస్తున్నది ఇదీ.

మొదటిది, ప్రతి అమ్మాయికీ ఒక పెద్ద మనిషి తోడు ఉంటుంది. ఆ తోడు స్త్రీయే అయి ఉండాలి. మెంటర్ అన్న మాట ఊళ్లో నడవలేదు. పిల్లలు 'అక్క' అన్నారు, అదే ఖాయమైంది. నెలకు రెండు శనివారాలు అక్క బడికే వచ్చి, బడిలోనే, అందరికీ కనబడేచోట, ఎవరికీ వినబడకుండా మాట్లాడుతుంది. మనిషి మారకూడదు. తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టిన అక్కే ఇంటర్ అయ్యేదాకా ఉండాలి.

రెండోది, ప్రధానోపాధ్యాయుల అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి రాతపూర్వకంగా ఉండాలి. మగవాళ్లం మేం పిల్లలతో విడిగా మాట్లాడం. అడగకుండా ఫోటో తీయం.

మూడోది చాలామందికి తెలియదు. "నువ్వేం చెప్పినా ఎవరికీ చెప్పను" అని పిల్లకు మాట ఇవ్వకూడదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. అందుకని మా అక్కలు ముందే చెబుతారు: "నీకు ప్రమాదం ఉందనిపిస్తే నేను సాయం తెస్తాను. ఎవరి దగ్గరికి వెళ్తున్నానో నీకు చెప్పే వెళ్తాను." బాల్యవివాహం మాట వినబడినా 1098కి ఫోను చేయాలి. ఆ నంబరు ఎవరైనా చేయొచ్చు, డబ్బులు పడవు.

నాలుగోది, మా కోరికలు పిల్లల మీద రుద్దకూడదు. ఇది నా కోసం పెట్టిన నియమం. ఇంజనీరును కదా, అందరూ ఇంజనీర్లు కావాలనుకుంటాను.

ఈ శనివారాల్లో తెలిసినవి సైకిళ్లు ఇచ్చిన ఏడాది మాకు తెలియనే లేదు. వారానికొకసారి బళ్లో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను సగం మంది పారేస్తున్నారని తెలిసింది. పొద్దున ఏమీ తినకుండా వచ్చి మింగితే కడుపులో తిప్పుతోందట. మధ్యాహ్న భోజనం అయ్యాక వేసుకోండమ్మా అని అక్కలు చెప్పారు. చిన్న మాటే. కానీ అదే సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. పాఠం ఎక్కడం లేదని మనం తిట్టే పిల్లకు అసలు లోపం రక్తంలో ఉండొచ్చు.

నెలకు మూడు రోజులు కొందరు ఎందుకు రావడం లేదో కూడా తెలిసింది. మరుగుదొడ్డి ఉంది, దానికి నీళ్లు లేవు. మోటారు చెడిపోయి ఏడాదైంది. ఆ మోటారు బాగుచేయించడం మాత్రం నాకు చేతనైన పని. ఒక్క పూటలో చేయించాను. ఏడాదిగా ఎవరూ చెప్పలేదేమని అడిగితే, "సార్‌తో ఎట్లా చెబుతాం?" అన్నారు.

ఇక ఆ బర్రెల ప్రశ్న. ఒక అక్క వాళ్లింటికి నాలుగుసార్లు వెళ్లింది. తల్లి కూలికి పోతుంది, తండ్రికి నడుం నొప్పి. ఆరేళ్ల హాస్టలు ఆ ఇంటికి కుదరదు. ఆ పిల్ల పాలీసెట్ రాసింది. రోజూ బస్సులో వెళ్లి వచ్చే కాలేజీలో మూడేళ్ల డిప్లొమా చదివింది. పొద్దున పాలు పిండి బస్సెక్కేది. అది ట్రిపుల్ ఐటీ కాదు. కానీ ఆ ఇల్లు ఒప్పుకున్న చదువు, ఆ పిల్ల పూర్తి చేసిన చదువు.

లాక్‌డౌన్‌లో పెళ్లయిన అమ్మాయి సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే. కాన్పుకు పుట్టింటికి వచ్చినప్పుడు మా అక్క ఒకరు వెళ్లి పలకరించారు. తరువాత ఓపెన్ స్కూల్లో చేరింది. టెన్త్ పాసైంది. ఇంటర్‌లో ఇంకా రెండు సబ్జెక్టులు మిగిలాయి. రాస్తుందో రాయదో నాకు తెలియదు. ఆమె విషయంలో మేం గెలిచామని నేను చెప్పను. ఆగిన చదువు మళ్లీ మొదలుపెట్టడం సాధ్యమని మాత్రం చెబుతాను. ఎనిమిదేళ్లకే పెళ్లయిన దుర్గాబాయి గారు ఆ తరువాత చదువుకుని న్యాయవాది అయ్యారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. మద్రాసులో ఆమె పెట్టిన ఆంధ్ర మహిళా సభ, చదువు ఆగిపోయిన స్త్రీలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేసింది. మనకు కొత్త దారి వెతకాల్సిన పని లేదు, ఉన్న దారిలో నడిచే మనుషులు కావాలి.

ఇప్పుడు మాకు తొమ్మిది మంది అక్కలున్నారు, 34 మంది అమ్మాయిలున్నారు. ఒక్కొక్క అక్క నలుగురి కంటే ఎక్కువ మందిని చూడలేదు. డబ్బుంటే ఇంకా వంద సైకిళ్లు కొనొచ్చు. కానీ నెలకు రెండు శనివారాలు, నాలుగేళ్లపాటు తప్పకుండా వచ్చే మనిషిని డబ్బుతో కొనలేం.

అందుకే ఈ సభలో మీ నుంచి చందా అడగడం లేదు. మూడు సంగతులు అడుగుతున్నాను.

ఈ చుట్టుపక్కల ఉంటున్న అక్కయ్యలు, చెల్లెళ్లు నెలకు రెండు శనివారాలు ఇవ్వండి. పెద్ద చదువు అక్కర్లేదు. మా అక్కల్లో అందరికంటే బాగా పనిచేసేది టెన్త్ రాయని మనిషి. ఆ నోటుబుక్కు ఆమెదే. పిల్ల ముఖం చూసి, "ఇంట్లో ఎవరైనా చూసిపోయారా?" అని అడగడం ఆమెకు వచ్చు. నాకు రాదు.

అన్నలు, తమ్ముళ్లు లెక్కలు చూడండి, మోటార్లు బాగుచేయించండి, సాయంత్రం బస్సు వేళ మార్చమని డిపో చుట్టూ తిరగండి. ముఖ్యంగా మీ ఇళ్లలో, మీ చుట్టాల్లో పదహారేళ్లకు సంబంధం మాట వస్తే, "ఇప్పుడే వద్దు" అన్న మాట ముందు మీ నోటి నుంచి రానివ్వండి. ఆ మాట అక్క అంటే ఒక విలువ, మేనమామ అంటే ఇంకో విలువ. అట్లా ఉండకూడదు, కానీ ఈనాటికీ అట్లాగే ఉంది.

మూడోది మన సంఘానికి. మన నిబంధనల్లో, ఇక్కడ పదో తరగతి చదివి వెళ్లినవారే పూర్వ విద్యార్థులని ఉంది. ఈ బడిలో ఆరో తరగతిలో పేరు రాయించుకున్న ప్రతి ఒక్కరూ పూర్వ విద్యార్థే అని దాన్ని మార్చాలని ఈ స్వర్ణోత్సవ సభలో ప్రతిపాదిస్తున్నాను. ఖర్చు లేని పని. ఆ తరువాత మనం ప్రతి ఒక్కరం, మన పక్క బెంచీలో కూర్చుని ఒకరోజు రాకుండా పోయిన ఒక్క అమ్మాయిని వెతికి, ఆ గడి నింపుదాం.

మా బ్యాచ్‌లో తొమ్మిది గడులకు ఆరు నిండాయి. ఇద్దరు ఇప్పుడు లేరు. ఒకరి జాడ ఇంకా తెలియలేదు. ఈ సంచిక చదివేవారిలో ఎవరికైనా తెలిస్తే దయచేసి సంఘం కార్యాలయంలో చెప్పండి.