నేను బకాయి పడిన జవాబు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా వికారాబాదులో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ యజమాని దయతలచి ఇచ్చేది కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కు అనీ తీర్పు చెప్పింది. అందువల్ల ఈ రోజున మనం ఎప్పుడూ బకాయిల గురించే మాట్లాడుకుంటాము. ఈసారి కార్యదర్శి గారు "మీరు ఫిజిక్సు మాస్టారు కదా, మార్పుగా ఏదైనా సైన్సు విషయం చెప్పండి" అన్నారు. చెబుతాను. అయితే నాదీ బకాయి కథే. ప్రభుత్వం నాకు పడింది కాదు, నేను ఒక విద్యార్థికి పడింది.

నేను 2006లో పదవీ విరమణ చేశాను. సర్వీసులో చాలా భాగం తాండూరులోని ఒక కళాశాలలో ఇంటర్మీడియట్ పిల్లలకు పాఠాలు చెప్పాను. కాపురం వికారాబాదులో. పొద్దున పాసింజరు ఎక్కడం, సాయంత్రం మళ్ళీ జంక్షన్‌లో దిగడం. నాతో పాటు ఆ బండిలో ప్రయాణం చేసినవారు ఈ హాలులోనే నలుగురైదుగురు కనిపిస్తున్నారు.

2022 డిసెంబరు 7న మన జిల్లాలో ఒక వింత జరిగింది. మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఆకాశం నుండి గుండ్రటి పెద్ద యంత్రం ఒకటి దిగింది. చుట్టుపక్కల ఊళ్ళ జనం పరుగెత్తారు. ఆ సాయంత్రం నాకు తాండూరు నుండి ఒక ఫోను వచ్చింది. చేసినతను నా పాత విద్యార్థి. ఇప్పుడు బండలు పాలిష్ పట్టే మిషను నడుపుకుంటున్నాడు.

"సార్, మొగిలిగుండ్ల చేన్లల్ల ఏదో దిగిందంట. మీరు సైన్సు సారు గదా, గదేంది సార్?" అన్నాడు.

టీవీలో విన్నది చెప్పాను. హైదరాబాదులో టాటా పరిశోధనా సంస్థవారి బెలూన్ కేంద్రం 1969 నుండి ఉన్నది. పాలిథీన్‌తో చేసిన బ్రహ్మాండమైన బెలూన్లకు పరికరాలు కట్టి ముప్పై కిలోమీటర్లకు పైగా పంపుతారు. పని కాగానే తాడు తెంపితే పరికరం పారాచూట్ సాయంతో ఎక్కడో ఒక పొలంలో దిగుతుంది. ఆ రోజు దిగింది స్పెయిన్ సంస్థ ఒకటి పరీక్షకు పంపిన ఖాళీ క్యాప్సూల్. భయపడవలసినది ఏమీ లేదు.

అతను అంతా విని, కాసేపు ఆగి, "సార్, నేను ఎనుకట మిమ్మల్ని ఒకటి అడిగిన. యాదికున్నదా?" అన్నాడు.

నాకు గుర్తు లేదు. అతనే గుర్తు చేశాడు. 1984లో నేను బోర్డు మీద పరమాణు కేంద్రకం బొమ్మ వేసి, ఇందులో ప్రోటాన్లు, న్యూట్రాన్లు మాత్రమే ఉంటాయని చెబుతున్నానట. అతని తండ్రి నాపరాయి గనిలో కూలీ. సెలవు రోజుల్లో అతనూ గనికి పోయేవాడు. లేచి నిలబడి, "సార్, బండ పొరల నడుమ ఒక్కోసారి వేరే రంగు పొర వస్తది గదా. గట్లనే కేంద్రకంల మూడో రకంది ఏదన్న వస్తదా సార్?" అని అడిగాడట. నేను "రాదు. సిలబస్‌లో ఉన్నది చదువు. కూర్చో" అన్నానట. క్లాసు నవ్విందట.

అతను ఫిర్యాదుగా చెప్పలేదు. నవ్వుతూనే చెప్పాడు. "గప్పటికెళ్ళి క్లాసుల నేనేం అడగలే సార్" అని మాత్రం అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు నేనే ఫోను చేసి, "నాయనా, నాకు సరిగా తెలియదు. తెలుసుకొని చెబుతాను" అన్నాను. ముప్పై ఎనిమిదేళ్ళ క్రితం అనవలసిన మాట అది.

మా మనుమరాలు వ్యాసాలు పెద్ద అక్షరాలలో అచ్చు తీసి ఇస్తే, కళ్ళజోడు మార్చుకొని చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ సిగ్గు వేసింది. కేంద్రకంలో మూడో రకం కణం దొరికింది 1952లో! నేను "రాదు" అని చెప్పేనాటికి ముప్పై రెండేళ్ళ ముందే. మరో విచిత్రం, అది దొరికినదీ బెలూన్ వల్లనే.

పోలండు రాజధాని వార్సాలో మరియన్ డానిష్, యెర్జీ ప్నియెవ్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఉండేవారు. ఆ రోజుల్లో ఫొటోగ్రఫీ ప్లేట్ల మీద పూసే మందును దళసరిగా పోసి, బెలూన్‌కు కట్టి పైకి పంపేవారు. అంతరిక్షం నుండి వచ్చే విశ్వకిరణాలు అందులో దూసుకుపోతే దారి పొడుగునా నల్లటి గీతలు పడతాయి. సుమారు 26 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి వచ్చిన అటువంటి ప్లేటును సూక్ష్మదర్శినిలో చూస్తుంటే, ఒకచోట కేంద్రకం పగిలి నక్షత్రంలా గీతలు చిమ్మి ఉన్నది. అందులోని ఒక ముక్క కొంత దూరం పోయి, ఆగి, అది మళ్ళీ పగిలింది. మామూలు ముక్క అయితే అంతసేపు ఆగి పగలదు. లోపల కొంచెం ఆలస్యంగా చనిపోయే కొత్త కణం ఏదో ఉండాలని వారు గ్రహించి, 1953లో ప్రకటించారు. ఆ కణమే లాంబ్డా. ఇటువంటి కణాల జాడలు 1947లోనే ఇంగ్లండులో రోచెస్టర్, బట్లర్ అనేవారు చూశారు. లాంబ్డా చేరిన కేంద్రకాన్ని హైపర్ కేంద్రకం అంటారు.

ఈ లాంబ్డా ప్రోటాన్ కంటే సుమారు 19 శాతం బరువైనది. విద్యుదావేశం లేదు. ఆయుష్షు సెకనును వెయ్యి కోట్ల భాగాలు చేస్తే అందులో 2.6 భాగాలు. మనకు అది రెప్పపాటు కూడా కాదు. కేంద్రకంలో జరిగే వ్యవహారాలకు మాత్రం అది నిండు నూరేళ్ళు.

"అది లోపలికి పోతే మనకేమిటి?" అంటారేమో. ఉద్యోగ భాషలోనే మనవి చేస్తాను. కేంద్రకం ఒక కార్యాలయం అనుకోండి. మంజూరైన పోస్టులు ఉంటాయి. ప్రోటాన్లకు వేరు, న్యూట్రాన్లకు వేరు. ఒక సీటులో ఒక్కరే కూర్చోవాలి. ఇది ప్రకృతి పెట్టిన జి.ఓ., దీనికి సవరణ లేదు. క్రింది సీట్లన్నీ నిండిపోతే కొత్త న్యూట్రాన్ పైన ఎక్కడో కూర్చోవలసిందే, లోపలి గదిలోకి పోలేదు. లాంబ్డా మాత్రం వేరే శాఖ నుండి డెప్యుటేషన్ మీద వచ్చిన ఉద్యోగి. దానికి ఈ పోస్టుల లెక్క వర్తించదు. తిన్నగా అన్నిటికన్నా లోపలి గదికి పోయి కూర్చుంటుంది. లోపల ఏం జరుగుతున్నదో మనకు తెలియజెప్పగలిగిన సాక్షి అదే.

అయితే విశ్వకిరణాలను నమ్ముకుంటే ఈ సాక్షి ఎప్పుడు దొరుకుతాడో తెలియదు. వాన కోసం మొగులు చూసే కంది రైతు పరిస్థితి అది. బోరు వేసుకున్నట్లుగా, శాస్త్రజ్ఞులు మీసాన్ కిరణాలను తయారు చేసుకున్నారు. ప్రోటాన్లను యంత్రంలో గుండ్రంగా తిప్పి, వేగం పెంచి, లోహపు ముక్కకు కొడతారు. ఆ దెబ్బకు పయాన్లు, కేయాన్లు అనే మీసాన్లు పుడతాయి. అయస్కాంతాలతో, విద్యుత్ క్షేత్రాలతో వాటిని వేరు చేసి, ధారగా మళ్ళించి, మనకు కావలసిన పదార్థం మీదికి పంపుతారు. కేయాన్ కూడా అల్పాయుష్కురాలే కనుక ఈ దారి పొట్టిగా ఉండాలి. పొడుగైతే చేరేలోపే రాలిపోతుంది.

ఋణావేశం గల కేయాన్‌లో ఒక వింత గుణం ఉంటుంది. అది న్యూట్రాన్‌ను తాకి, ఆ గుణాన్ని దానికి అప్పగించి, తాను పయాన్‌గా మారి బయటపడుతుంది. న్యూట్రాన్ లాంబ్డా అవుతుంది. కేయాన్ వేగం తగినట్లుగా ఎంచుకుంటే, ముందుకు పోయే పయాన్ ఆ ఊపు అంతా తనతో పట్టుకుపోతుంది. అప్పుడు లాంబ్డా, ఆగిన బండి నుండి ప్లాట్‌ఫారం మీద దిగినట్లు, కుదుపు లేకుండా కేంద్రకంలోనే నిలిచిపోతుంది. 1970వ దశకంలో జెనీవా దగ్గరి సెర్న్‌లో, తరువాత అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో ఇలా చేశారు. రెండో పద్ధతిలో ధనావేశం గల పయాన్‌ను పంపి, కేయాన్ బయటికి రావడం చూస్తారు. 1990వ దశకంలో జపానులోని సుకుబా నగరంలో ఉన్న కె.ఇ.కె. ప్రయోగశాల ఈ పద్ధతిలో పేరు తెచ్చుకున్నది.

లోపల జరిగినది కంటికి కనపడదు కదా, ఎలా తెలుస్తుంది? మనలో క్యాష్ బుక్ రాసినవారు ఉన్నారు. తెరిచేటప్పటి నిల్వ, మూసేటప్పటి నిల్వ తెలిస్తే మధ్యలో ఎంత ఖర్చయిందో పెట్టె తెరవకుండానే చెప్పవచ్చు. ఇదీ అంతే. లోపలికి పోయిన మీసాన్ శక్తి కొలుస్తారు, బయటికి వచ్చిన మీసాన్ శక్తి కొలుస్తారు. తేడాను బట్టి లాంబ్డా ఏ గదిలో కూర్చున్నదో లెక్క తేలుతుంది. సీసం వంటి బరువైన కేంద్రకంలో కూడా లాంబ్డా మెట్టుమెట్టుగా ఎక్కడెక్కడ కూర్చోగలదో ఆ లెక్కల్లో కనబడింది. పుస్తకాలలో ఊహగా గీసిన గదులు నిజంగానే ఉన్నాయని రుజువైంది.

1998లో జపాను వారే హైపర్‌బాల్ అనే పరికరం పెట్టారు. అందులో 14 జెర్మేనియం స్ఫటికాలు. హైపర్ కేంద్రకం వెలువరించే గామా కిరణాలను అవి మునుపటి కంటే వందల రెట్లు సూక్ష్మంగా కొలిచాయి. మూడు ప్రోటాన్లు, మూడు న్యూట్రాన్లు ఉన్న లిథియం కేంద్రకంలో లాంబ్డా చేరితే ఏమవుతుందని చూశారు. మామూలుగా ఇంటికి ఒక మనిషి ఎక్కువైతే ఇల్లు ఇరుకై, గోడలు జరుపుకోవాలి. ఇక్కడ ఇల్లే సుమారు 19 శాతం కుదించుకుపోయింది! కొత్తగా వచ్చిన లాంబ్డా నడిమధ్య కూర్చుని పాతవారందరినీ దగ్గరికి లాక్కున్నది. 2001లో ఈ ఫలితం వెలువడింది. దీని దగ్గర నేను చాలాసేపు చదవడం ఆపి కూర్చున్నాను.

లెక్కలన్నీ తేలిపోయాయని అనుకోకండి. న్యూట్రాన్ నక్షత్రాలు అని ఉన్నాయి. వాటి అడ్డుకొలత వికారాబాదు నుండి తాండూరుకు ఉన్న దూరం కంటే తక్కువ. బరువు మాత్రం సూర్యుని మించినది. అంత ఒత్తిడిలో పోస్టులన్నీ నిండి, న్యూట్రాన్లు కొన్ని లాంబ్డాలుగా మారాలి. అలా మారితే నక్షత్రం మెత్తబడి, ఎక్కువ బరువు మోయలేక కూలిపోవాలి. కాని 2010లో సూర్యునికి దాదాపు రెండింతల బరువున్న న్యూట్రాన్ నక్షత్రాన్ని చూశారు. అది నిక్షేపంగా నిలబడి ఉన్నది. ఎలా నిలబడింది? లాంబ్డాకూ న్యూట్రాన్‌కూ మధ్య, లాంబ్డాకూ లాంబ్డాకూ మధ్య ఉన్న బలాలు ఇంకా బాగా తెలిస్తేనే జవాబు. రెండు లాంబ్డాలు ఒకే హీలియం కేంద్రకంలో చేరిన స్పష్టమైన ఘటన ఒకటి 2001లో ప్రకటించారు. దానికి జపానులోని నది పేరు పెట్టి 'నగర' అన్నారు. అక్కడ మళ్ళీ పని చేసింది వార్సా వారి నాటి ఫొటోగ్రఫీ మందే. కేయాన్ కిరణానికి దాన్ని తోడు చేశారు. రెండు లాంబ్డాల మధ్య ఆకర్షణ ఉన్నదనీ, అది బలహీనమైనదనీ తేలింది. జపానులోనే టోకాయ్ వద్ద, 3,000 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్లతో మీసాన్లను పుట్టించే మరింత బలమైన కేంద్రం వచ్చింది. పెద్ద ప్రశ్నకు మాత్రం తుది జవాబు ఇంకా రాలేదు.

మిత్రులారా, నాకు అర్థమైనంతలో ఇదంతా ఒక నోటుబుక్కులో తెలుగులో రాసుకొని తాండూరు వెళ్ళాను. మిషను ఆపి, చేతుల మీది రాతిపొడి కడుక్కొని వచ్చి కూర్చున్నాడు. "నాయనా, నీ ప్రశ్నకు జవాబు: వస్తుంది. నీ బండలో వేరే రంగు పొర వచ్చినట్లే వస్తుంది. ఆనాడు నేను చెప్పింది తప్పు" అన్నాను. అతను కాసేపు ఏమీ అనలేదు. తరువాత "మరి గా పొర ఎన్నడు పోతది సార్? పోయినంక బండ పగులతదా?" అని అడిగాడు. అవును, లాంబ్డా చనిపోతూ విడిచే శక్తికి కేంద్రకం తరచుగా పగిలిపోతుంది. వార్సా వారు చూసింది అదే! జవాబు విన్న నిమిషంలోనే అసలు విషయం పట్టుకున్నాడు. ఆ బుద్ధిని నేను 1984లో కూర్చోబెట్టాను.

అతని చదువు ఇంటర్‌తో ఆగడానికి ఇంటి పరిస్థితులే కారణమని అతనే అంటాడు. కావచ్చు. నా వంతు నాకు తెలుసు.

మనకు ఉద్యోగం లేదు గాని ఇంటి నిండా మనుమలు, మనుమరాళ్ళు ఉన్నారు. వారు అడిగేవాటిలో సగం మనకు తెలియవు. తెలియనప్పుడు "కూర్చో" అనకండి. "తెలియదు, చూసి చెబుతాను" అనండి. చెప్పినట్లే చూసి చెప్పండి. మనం ప్రభుత్వాన్ని బకాయిలు అడుగుతున్నాము, అడగవలసిందే. మనం పడిన బకాయిలు కూడా బ్రతికి ఉండగానే తీర్చుకుందాము.

వెనుక వరుసలో తన మనుమడిని వెంటబెట్టుకొని నా విద్యార్థి కూర్చున్నాడు. ఆ పిల్లవాడు ఇందాకటి నుండి చెయ్యి ఎత్తే ఉన్నాడు. అధ్యక్షుల వారు అనుమతిస్తే, నేను ముగించి అతని ప్రశ్న వింటాను.