జింకకు ఏ బుల్లెట్?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఉద్యోగం సంగతులు వద్దు, అందరూ అవే చెబుతున్నారు, నీకు బాగా తెలిసింది ఇంకేదైనా చెప్పు" అని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఉంటాను. ఏటా చలికాలానికి ముందు అక్కడి కొండల్లో జింక వేటకు వెళతాను. ఈ మాట అనగానే ముందు వరుసలో ఇద్దరు ముగ్గురి ముఖాలు మారాయి, చూశాను. సహజమే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, మచ్చల జింక తెలంగాణది. వాటి జోలికి ఎవరూ పోకూడదన్నదే నా అభిప్రాయం కూడా.

అక్కడి పద్ధతి వేరు. ఏ ప్రాంతంలో ఎన్ని జింకలను వేటాడనివ్వాలో ప్రభుత్వమే లెక్క కట్టి అన్నే లైసెన్సులు ఇస్తుంది. తుపాకీ భద్రత మీద క్లాసు, పరీక్ష ఉంటాయి. మెరిసే నారింజ లేదా గులాబీ రంగు చొక్కా, టోపీ వేసుకోవాలి. తినదగిన మాంసం అడవిలో వదిలేస్తే శిక్ష. రైఫిళ్ల మీద, తూటాల మీద 11 శాతం పన్ను 1937 నాటి చట్టం కింద వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది. ఇంత చెప్పినా ఒప్పుకోని వారు ఉంటారు. వారితో వాదన పెట్టుకోను. కానీ చంపడమంటూ జరిగితే ఆ జంతువు ఎంతసేపు బాధపడుతుందన్నది వేటను ఒప్పుకునేవారికీ ఒప్పుకోనివారికీ ముఖ్యమే. అది చాలావరకు రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి వేటగాడి గురి, రెండోది బుల్లెట్. గురి సాధనతో వస్తుంది. బుల్లెట్‌ను ఇంట్లో కూర్చుని ఆలోచించి ఎంచుకోవాలి, అందుకే అది ఇంజనీరుకు నచ్చే పని.

మనం తూటా అని ఒక్క మాటలో అనేస్తాం గాని అందులో నాలుగు భాగాలున్నాయి: ఇత్తడి గొట్టం, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్. గొట్టం పెద్దదై ఎక్కువ మందు పట్టేదాన్ని మాగ్నమ్ అంటారు. నాది 1963లో వచ్చిన .300 విన్‌చెస్టర్ మాగ్నమ్. పేల్చినప్పుడు లోపలి పీడనం చదరపు అంగుళానికి 64,000 పౌండ్ల దాకా వెళ్లవచ్చు. మీ కారు టైరులో ముప్పై, ముప్పై రెండు ఉంటుంది. బుల్లెట్ బరువును గ్రెయిన్లలో చెబుతారు. మన కంసాలులు గురిగింజతో బంగారం తూచినట్టే అదీ పూర్వం ధాన్యపు గింజ బరువు. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. 180 గ్రెయిన్ల బుల్లెట్ అంటే పన్నెండు గ్రాములు కూడా లేదు. అది సెకనుకు 900 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది.

ఇప్పుడు తొమ్మిదో తరగతి లెక్క. గతిశక్తి సుమారు 4,700 జౌళ్లు. యాభై కిలోల బియ్యం బస్తాను ముప్పై అడుగుల ఎత్తునుంచి పడేసినంత. ఇది విని చాలామంది "అంత శక్తి తగిలితే జింక ఎగిరి పడుతుంది, ఇక బుల్లెట్ ఏదైతేనేం" అనుకుంటారు. అదే బుల్లెట్ ద్రవ్యవేగం లెక్క కట్టండి. పదిన్నర కిలోగ్రామ్ మీటర్లు పర్ సెకండ్. డెబ్బై కిలోల జింక దాన్నంతటినీ తనలో ఇముడ్చుకున్నా సెకనుకు పదిహేను సెంటీమీటర్లు కదులుతుంది. మన సినిమాల్లో విలన్లు గుండు తగిలి పదడుగులు వెనక్కి ఎగరడం న్యూటన్ గారికి తెలియని విద్య. కాబట్టి జింకను పడగొట్టేది తోపు కాదు. ఊపిరితిత్తులో, గుండో తెగి రక్తపీడనం పడిపోవడమే. ఆ పని సెకన్లలో జరగాలంటే బుల్లెట్ తగినంత లోతుకు వెళ్లాలి, వెళుతూ పుట్టగొడుగులా విచ్చుకోవాలి. ఈ రెంటికీ పడదు. ఎక్కువ విచ్చుకుంటే లోతుకు పోదు. విచ్చుకోకపోతే సన్నని బెజ్జం చేసి అవతలికి పోతుంది, జింక మైళ్ల దూరం పరుగెత్తి ఎక్కడో పొదలో గంటల తరబడి నరకం చూస్తుంది.

ఈ విచ్చుకునే బుల్లెట్‌కు మన దేశంతో సంబంధం ఉంది. కలకత్తా దగ్గర డమ్ డమ్‌లోని ఆయుధాగారంలో 1890లలో బ్రిటిష్ వాళ్లు ముక్కు దగ్గర సీసం బయటికి కనిపించే బుల్లెట్లు చేశారు. అవి చేసే గాయాలు ఘోరమని 1899లో హేగ్ సమావేశం యుద్ధాల్లో విచ్చుకునే బుల్లెట్లను నిషేధించింది. వేట చట్టం సరిగ్గా తలకిందులు: కొలరాడోలో జింకకు విచ్చుకునే బుల్లెటే వాడాలి. సైనికుడు గాయపడితే ఆసుపత్రి ఉంది. జింకకు లేదు.

మాగ్నమ్‌తో చిక్కు ఏమిటంటే వేగం. మామూలు బుల్లెట్ అంటే సీసం ముద్దకు పలచని రాగి తొడుగు. మధ్యస్థ వేగాల్లో అది చక్కగా పనిచేస్తుంది. మాగ్నమ్ నుంచి వెళ్లి యాభై గజాల్లోనే భుజం ఎముకకు తగిలితే ముక్కలు చెక్కలై పైపైనే ఆగిపోవచ్చు. అదే బుల్లెట్ నాలుగైదు వందల గజాలు పోయేసరికి నెమ్మదిస్తుంది. చాలా రకాలకు తగిలేటప్పుడు సెకనుకు 550 మీటర్ల వేగమైనా ఉంటేగాని సరిగా విచ్చుకోవు. అంటే దగ్గరలో పగిలిపోకూడదు, దూరంలో మొరాయించకూడదు. పెద్ద తుపాకీ కొన్నాక ఏ బుల్లెట్ అయినా సరిపోతుందనడం తప్పు. తుపాకీ పెద్దదయ్యేకొద్దీ బుల్లెట్ మీద శ్రద్ధ పెరగాలి.

దీన్ని మొదట గట్టిగా పట్టించుకున్నవారిలో జాన్ నోస్లర్ ఒకరు. ఒరెగాన్‌లో లారీల వ్యాపారం చేసుకునేవారు. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్‌తో ఒక పెద్ద మూస్‌ను కొట్టారు. మూస్ అంటే గుర్రమంత దుప్పి. దాని ఒంటికి బురద పట్టి ఎండిపోయింది. బుల్లెట్లు చర్మం దగ్గరే చిట్లిపోయాయి, లోపలికి పోలేదు. ఆయన తుపాకీని తిట్టుకోలేదు, ఇంటికొచ్చి కొత్త బుల్లెట్ చేయడం మొదలుపెట్టారు. సీసాన్ని రెండు గదులుగా చేసి మధ్యలో రాగి గోడ నిలిపారు. ముందు గది విచ్చుకుంటుంది, వెనక గది చెక్కుచెదరకుండా లోపలికి దూసుకుపోతుంది. పార్టిషన్ అని దానికి పేరు. 1948లో కంపెనీ పెట్టారు, ఆ బుల్లెట్ ఇప్పటికీ దొరుకుతుంది. ఇంత సులువైన ఉపాయానికి నేను ఎప్పుడైనా దండం పెడతాను. తర్వాత సీసాన్ని తొడుగుకు అతికించేసే రకాలు వచ్చాయి, 1980ల చివరలో బార్న్స్ కంపెనీ అసలు సీసమే లేని ముద్ద రాగి బుల్లెట్ తెచ్చింది.

నేను వాడేది ఆ రాగి రకమే. ఖరీదు ఎక్కువ. రాగి సీసం కంటే తేలిక కనుక అదే బరువుకు బుల్లెట్ పొడవవుతుంది, మరీ పొడవైతే గొట్టంలోని మరలు దాన్ని నిలకడగా తిప్పలేవు. అందుకని 180 మాని 165 గ్రెయిన్లకు దిగాను. సెకనుకు 950 మీటర్ల దాకా వేగం వస్తుంది, బుల్లెట్ దాదాపు బరువు కోల్పోదు, అవతలి పక్క నుంచి బయటికి పోతుంది. రెండు రంధ్రాలుంటే రక్తపు జాడ స్పష్టంగా పడుతుంది, జంతువు పొదల్లోకి పోయినా దొరుకుతుంది.

రాగికి మారడానికి నన్ను ఒప్పించింది మాత్రం ఇదేదీ కాదు, వంటిల్లు. సీసపు బుల్లెట్ చిట్లినప్పుడు కంటికి కనపడని తునకలు గాయానికి జానెడు దూరంలోని మాంసంలో కూడా చేరతాయి. 2008లో నార్త్ డకోటాలో పేదలకు దానమిచ్చిన జింక మాంసపు పొట్లాలను ఎక్స్‌రే తీస్తే సీసం కనిపించింది, వాటిని పంచవద్దని ఆరోగ్య శాఖ చెప్పింది. చిన్నపిల్లలకు, గర్భిణులకు సీసం ఎంత ప్రమాదమో ఇక్కడున్న డాక్టర్లకు నేను చెప్పక్కర్లేదు. మా ఇంట్లో ఆ మాంసంతో అల్లం, మిరియాలు దట్టించి కూర చేస్తాం, పక్కింటి పిల్లలు కూడా గిన్నె పట్టుకొస్తారు. శాకాహారులు మన్నించాలి. వదిలేసిన పేగులు తిని కాండోర్ అనే పెద్ద రాబందులు సీసం విషంతో చచ్చిపోతున్నాయని కాలిఫోర్నియా 2013లో చట్టం చేసింది. 2019 జులై నుంచి అక్కడ సీసంతో వేట పూర్తిగా నిషేధం. 1980లలో ఇరవై రెండుకు పడిపోయిన జాతి అది. కొలరాడోలో అలాంటి బలవంతం లేదు. నా మటుకు నాకు చట్టం వచ్చేదాకా ఆగే విషయం కాదనిపించింది.

అసలు జింకకు మాగ్నమ్ అవసరమా అని అడుగుతారు. నిజం చెప్పాలంటే లేదు. కొలరాడో చట్టం 6 మిల్లీమీటర్ల బుల్లెట్‌తో, 70 గ్రెయిన్ల బరువుతో కూడా అనుమతిస్తుంది. నాకు ఎల్క్ లైసెన్సు కూడా వస్తుంటుంది, అది జింకకు నాలుగైదింతలు. రెంటికీ ఒకే రైఫిల్ ఉంటే చేతికి అలవాటవుతుందని ఉంచుకున్నాను. భుజానికి తన్నుతుంది. తన్నుకు భయపడి కళ్లు మూసుకునేవారు చిన్న తుపాకీ తీసుకుంటే జింకకూ మంచిది, భుజానికీ మంచిది. నేను మూడు వందల గజాలు దాటితే పేల్చను. గాలి చేసే మోసం ఆ పైన నా లెక్కకు అందదు.

ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి. విచ్చుకున్న బుల్లెట్ చూపిద్దామంటే విమానంలో తేనివ్వరు, ఫోన్‌లో ఫోటో ఉంది.