వసంతంలో బేతమంగళ చెరువు: పక్షిదర్శనమూ పౌరధర్మమూ



కోలారు బంగారు గనుల పట్టణానికి బేతమంగళ చెరువుతో ఉన్నది దాహం తీర్చిన బంధం. పాలారు నదిపై ఉన్న ఈ చెరువు నీరే గనుల కాలంలో పట్టణానికి చేరేది. 2001లో బంగారు గనులు మూతపడ్డాయి. చెరువు మాత్రం మనుషులతో పాటు పక్షులకూ ఆధారంగా నిలిచి ఉంది.

వానలు బాగా కురిసిన ఏడు, శీతకాలంలో చెరువు నిండుగా ఉంటుంది. పక్షులు నడినీటిలో దూరంగా తిరుగుతాయి. ఫాల్గుణ, చైత్ర మాసాలలో నీరు వెనుకకు తగ్గుతుంది. అంచున బురద, గులకరాళ్ళు బయటపడతాయి. మిగిలిన నీటిలో చేపలు గుమికూడతాయి. వాటికోసం కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు ఒడ్డుకు చేరువగా వస్తాయి. ఉత్తర దేశాల నుండి వలస వచ్చే సూదితోక బాతుల వంటివి, తిరుగు ప్రయాణానికి ముందు కడుపునిండా మేసి బలం కూడగట్టుకోవలసిన కాలమూ ఇదే. ఛాయాచిత్రకారునికి ఇంతకన్న అనువైన ఋతువు లేదు. పక్షికి ఇంతకన్న సున్నితమైన ఋతువూ లేదు.

తీతువు సంగతి గమనించదగినది. దాని కూత అపశకునమని లోకంలో ఒక నమ్మకం ఉన్నది. నిజానికి అది గుడ్లను కాచుకొనే తల్లిదండ్రుల హెచ్చరిక. మార్చి నుండి ఈ పక్షి గూడు కట్టకుండానే, గులకరాళ్ళ నడుమ నేలమీద సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. వాటి రంగు రాళ్ళలో కలిసిపోతుంది. ఎండ ముదిరినప్పుడు పక్షి తన పొట్ట ఈకలను నీట తడిపి వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. చిత్రం కోసం మనిషి అక్కడే అరగంట నిలబడితే, పక్షి గుడ్లకు దూరమై ఆకాశంలో అరుస్తూ తిరుగుతుంది. ఆ ఎండకు గుడ్లు చెడిపోవచ్చు. కాలికింద పడితే నలిగిపోవచ్చు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిపక్షుల గుడ్లను, గూళ్ళను చెదరగొట్టడాన్ని కూడా వేటగానే పరిగణిస్తుంది. అభయారణ్యం కాని ఊరి చెరువు వద్ద కూడా ఆ రక్షణ ఉన్నది.

కావున సందర్శకులు తెల్లవారుజామునే వచ్చి గట్టుమీదనే కూర్చొనడం మేలు. సూర్యుడు వీపు వెనుక ఉంటే చిత్రం స్పష్టంగా వస్తుంది. పక్షి మేత మాని తల ఎత్తితే ఆగాలి, అరిస్తే వెనుదిరగాలి. ఎగిరే దృశ్యం కోసం రాళ్ళు రువ్వరాదు, డ్రోన్లు తిప్పరాదు. గుడ్లున్న చోటును ఫోన్లలో చాటరాదు. తీసుకువచ్చిన ప్లాస్టిక్ సంచిని తిరిగి తీసుకుపోవాలి.

గట్టుమీది నుండి తీసిన చిత్రంలో పక్షి కొంత చిన్నదిగా కనిపించవచ్చు. గుడ్లు పొదిగి పిల్లలు నడిచిననాడు, అదే గట్టు నుండి మరొక చిత్రం తీసే అవకాశం మిగిలి ఉంటుంది.