రాళ్లు చెక్కినవారి బిడ్డలు



సైకిలు పందెములను గూర్చిన చలనచిత్రములలో నాకు మిక్కిలి ప్రియమైనది 1979లో వెలువడిన ‘బ్రేకింగ్ అవే’. దర్శకుడు పీటర్ యేట్స్. కథను వ్రాసినవాడు స్టీవ్ టెసిచ్. ఈ రచనకు ఆస్కారు బహుమానము లభించినది. పందెమున నెవరు గెలిచిరను కుతూహలము కంటె పెద్ద ప్రశ్న యొకటి యిందు కలదు. దానినే నేడు మీకు విన్నవింపదలచితిని.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున బ్లూమింగ్టన్ అను పట్టణము కలదు. ఆ ప్రాంతపు సున్నపురాయి ప్రసిద్ధము. న్యూయార్కు నగరమున 1931లో పూర్తియైన ఎంపైర్ స్టేట్ భవనమునకును ఆ రాతినే వాడిరి. పట్టణమందలి విశ్వవిద్యాలయ భవనములకును అదియే రాయి. ఆ రాతిని కోసినవారి బిడ్డలను, చిత్రములోని విద్యార్థులు ‘కట్టర్లు’ అని యెగతాళి చేయుదురు.

అట్టి బిడ్డలలో నొకడు డేవ్. చదువు లేదు, ఉద్యోగము లేదు. సైకిలు మాత్రము కలదు. ఇటలీ దేశపు పందెగాండ్రన్న అతనికి ఆరాధన. ఇటాలియను మాటలాడుచు, ఆ పాటలే పాడుచు తండ్రికి విసుగు పుట్టించును. కన్నవారి బ్రదుకున గౌరవము కానరానప్పుడు యువకులు దానిని పరుల వేషమున వెదకుదురు కాబోలు. తుదకు ఆ ఇటాలియనులే పందెమునకు వచ్చిరి. డేవ్ వారితో సమానముగా తొక్కుచుండగా, వారిలో నొకడు అతని చక్రపు ఊచల నడుమ గాలిపంపు దూర్చి పడద్రోసెను. ఒంటి దెబ్బకన్న మనసుకు తగిలిన దెబ్బయే పెద్దది.

తరువాతి ఘట్టము చిత్రమునకు ప్రాణము. ఒక రాత్రి తండ్రి కుమారునితో విశ్వవిద్యాలయపు ఆవరణలో మాటలాడును. ఈ భవనములకు రాయి కోసినది తానేయనియు, ఆ పనియన్న తనకు గర్వమనియు, కాని కట్టడములు లేచిన పిమ్మట అవి తమవంటివారికి మించినవిగా తోచెననియు చెప్పును. రాయి కోసిన చేయి తలుపు తెరచుటకు జంకినది! శ్రమకు కూలి ముట్టినది, గౌరవము ముట్టలేదు.

ఆపై లిటిల్ 500 పందెము. ఇది కల్పన కాదు. అచ్చట 1951లో ఆరంభమైనదే. జట్టునకు నలుగురు, పావు మైలు బాటను 200 మారులు చుట్టవలెను, వెరసి 50 మైళ్లు. టెసిచ్ స్వయముగా 1962లో గెలిచిన జట్టులోనివాడు. డేవ్, అతని ముగ్గురు నేస్తులు ‘కట్టర్లు’ అను పేరునే చొక్కాలపై ధరించి బరిలో దిగిరి. నిందగా విసరిన మాటను బిరుదుగా చేసికొనిరి. నడుమ డేవ్ గాయపడగా నేస్తులు తొక్కవలసివచ్చెను. తుదకు అతని పాదములను పెడళ్లకు పట్టీలతో బిగించి మరల పంపిరి. గెలుపు వారినే వరించెను.

పిమ్మట డేవ్ ఆ విశ్వవిద్యాలయముననే చేరెను. తండ్రి కట్టిన గోడల లోనికి కుమారుడు తలయెత్తి నడచెను. తండ్రియు సైకిలెక్కెను. అయినను స్వభావము పోవునా? ఫ్రెంచి యువతి యొకతె పరిచయము కాగా, డేవ్ తండ్రిని ఫ్రెంచిలో పలుకరించును, తండ్రి నివ్వెరపోవును. ఆ నవ్వుతోనే కథ ముగియును. నేనును సెలవు గైకొందును.