జిల్లేడు మొగ్గలో రాబర్ట్ బ్రౌన్

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే దారి పక్కన, కొల్లేటి గట్ల మీద జిల్లేడును నాటినవాళ్లు లేరు, పీకే ఓపిక ఉన్నవాళ్లూ తక్కువే. రథసప్తమి నాడు దాని ఆకులు నెత్తిన పెట్టుకుని స్నానం చేస్తాం. తక్కిన ఏడాదంతా పాలు కంట్లో పడతాయని తప్పుకుని నడుస్తాం. ఆ ప్రజాతికి కాలోట్రోపిస్ అని పేరు పెట్టినవాడు స్కాట్లండుకు చెందిన రాబర్ట్ బ్రౌన్ (1773-1858). మన విద్యార్థులు ఆయన పేరు వినేది భౌతికశాస్త్రంలో, బ్రౌనియన్ చలనం పాఠంలో. ఆయనను అక్కడికి చేర్చిన పరిశీలన పద్ధతి అంతకు 18 ఏళ్ల ముందు, జిల్లేడు వర్గం మీద చేసిన పనిలోనే తేటగా కనిపిస్తుందని నా వాదన.

జిల్లేడు పుప్పొడి పొడిగా రాలదు. మైనపు ముద్దలుగా ఉంటుంది. రెండేసి ముద్దలు ఒక చిన్న బిళ్లకు వేలాడుతుంటాయి. తేనె కోసం వాలిన తుమ్మెద కాలు ఆ బిళ్ల చీలికలో ఇరుక్కుంటే, జత మొత్తం ఊడి దాని వెంట పోతుంది. విచ్చిన పువ్వును ఎంత శ్రద్ధగా విప్పినా ముద్దలూ బిళ్లా ఒకే అవయవంలా కనబడతాయి. అందుకే వాటిలో ఏది దేని భాగమో వృక్షశాస్త్రజ్ఞులకు తేలలేదు. బ్రౌన్ జిల్లేడుకు దాయాది అయిన ఒక అమెరికా మొక్క తీసుకుని, విచ్చకముందే మొగ్గ కోసి చూశాడు. లేత మొగ్గలో ముద్దలు పరాగకోశంలో ఉన్నాయి, బిళ్ల కీలాగ్రం మీద ఉంది. అవి అతుక్కునేది ఆ తరవాతే. 1809లో ఎడిన్‌బరోలోని వెర్నేరియన్ సంఘంలో చదివిన వ్యాసంలో ఈ వర్గాన్ని గన్నేరు కుటుంబం నుంచి విడదీశాడు. ఎప్పుడు చూడాలో తెలియడమే ఇక్కడ సగం పని.

1827లో క్లార్కియా అనే మొక్క పుప్పొడిని నీటిలో వేసి చూసినప్పుడు లోపలి రేణువులు అదేపనిగా కదలడం గమనించాడు. బ్రౌనియన్ చలనం అంటే ఈ కదలికే. వాడినది అంగుళంలో 32వ వంతు నాభ్యంతరం గల ఒంటి కటకం. ఆ కదలిక పురుష బీజానికి చెందిన జీవలక్షణమని మొదట అనిపించింది. అంతటితో ఆగి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు, పైగా మెచ్చుకునేవారు. ఆయన మాత్రం ఏళ్ల తరబడి ఎండిన మొక్కల పుప్పొడిని, గాజును, రాళ్లను, చివరికి ఈజిప్టు స్ఫింక్స్ విగ్రహపు ముక్కనూ నూరి చూశాడు. అన్నీ కదిలాయి. దాంతో తన ఊహను తానే కొట్టివేశాడు. కారణం చెప్పలేకపోయాడు కదా అని ఆక్షేపించవచ్చు. నిజమే, అది 1905లో ఐన్‌స్టీన్, ఆ తరవాత ప్రయోగాలతో పెరాన్ చేసిన పని. కానీ జీవశక్తి అనే సులువైన జవాబు అడ్డు తొలగకపోతే అది భౌతికశాస్త్రపు ప్రశ్న అయ్యేదే కాదు. 1831లో ఆర్కిడ్ల, జిల్లేడు వర్గపు ఫలదీకరణను వెంబడిస్తూనే ఆయన కణకేంద్రకాన్ని గుర్తించి దానికి పేరు పెట్టాడు.

భారతదేశంలో అడుగుపెట్టని మనిషితో మనకేం పని అనేది మరో అభ్యంతరం. 1781-93 మధ్య సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ మన అంకుడు చెట్టు ఆకుల నుంచి నీలిమందు తీయవచ్చని చూపి, ఆ చెట్టును గన్నేరు ప్రజాతిలో చేర్చాడు. బ్రౌన్ దాన్ని విడదీసి రైటియా అనే కొత్త ప్రజాతిని నిలబెట్టాడు. ఏటికొప్పాక లక్కబొమ్మల కర్ర అదే. ఆ కర్ర గుణం బొమ్మలు చేసేవారికి తెలుసు, ఆకు గుణం రాక్స్‌బర్గ్ రాశాడు. బ్రౌన్ అడిగింది పువ్వు నిర్మాణాన్ని. ఈ మూడింటిలో ఒకటి పెద్దది, ఇంకొకటి చిన్నది అనడానికి నాకు ఆధారం కనిపించదు.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ ఈ కాలానిది. డీఎన్‌ఏ సాక్ష్యంతో జిల్లేడు కుటుంబాన్ని మళ్లీ గన్నేరు కుటుంబంలో కలిపేశారు. మరి బ్రౌన్ విభజన తప్పా? కుటుంబం హోదా పోయిన మాట నిజం. జిల్లేడు వర్గం గన్నేరు వంశవృక్షంలోనే ఒక కొమ్మ అని తేలింది కాబట్టి విడిగా ఉంచడం కుదరదు. ఆ కొమ్మను ఇప్పటికీ గుర్తుపట్టేది మాత్రం ఆ పుప్పొడి ముద్దలతోనే. సుగంధిపాల సంగతి ఇంకా స్పష్టం. దాని హెమిడెస్మస్ ప్రజాతికి పేరు పెట్టిందీ బ్రౌనే. దాని బంధువుల్లో పుప్పొడి మైనపు ముద్ద కట్టదని చూసి, వాటిని జిల్లేడు పక్కనే వేరే విభాగంగా ఉంచాడు. నేటి వర్గీకరణలోనూ సుగంధిపాల జిల్లేడుతో కలవకుండా వేరే ఉపకుటుంబంలోనే ఉంది.