ఇంటిపేరు ఒకటే, ఇల్లు వేరు

సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది ఇంటిపేరే. చెప్పగానే ‘అయితే మావాళ్ళే’ అంటారు. చరిత్ర చదివేటప్పుడూ మనకి ఆ అలవాటు పోదు.

ఇంగ్లండు చరిత్రలో ఫ్రాన్సిస్ బేకన్లు ఇద్దరున్నారు. ఒకాయన 1561లో పుట్టిన తత్త్వవేత్త. ప్రకృతిని పరీక్షించి తెలుసుకోవాలని వాదించినవాడు. రెండో ఆయన 1909లో డబ్లిన్‌లో పుట్టిన చిత్రకారుడు. నోరు తెరిచి అరిచే పోపుల బొమ్మలు వేశాడు. వాళ్ళింట్లో ఆ పాత బేకన్‌తో దూరపు చుట్టరికం చెప్పుకునేవారు. చెప్పుకుంటే చెప్పుకోనీండి, ఆ బొమ్మల్లో ఒక్క గీతకీ దాంతో పనిలేదు. చార్లెస్ డార్విన్ మనవరాలు గ్వెన్‌ది తిరగబడ్డ కథ. చెక్క మీద బొమ్మలు చెక్కి అచ్చువేయడంలో పేరుపొందింది. చుట్టరికం నిజమే, పెళ్ళయ్యాక ఇంటిపేరు రావెరా అయింది. డార్విన్లలో వెతికితే ఆమె దొరకదు. మన ఆడపడుచుల సంగతీ అంతేగా!

ఇక మనవైపు చూద్దాం. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పించారు. కొడుకు సీతాపతిగారు ఆ ఇంట్లో పెరిగి భాషాపండితుడయ్యారు. అది రక్తం మహిమా, పొద్దస్తమానం భాష గురించే మాట్లాడుకున్న ఆ ఇంటి మహిమా? నా ఓటు ఇంటికే.

ఇక శ్రీపాదవారు. కథకుడు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, కవి కృష్ణమూర్తిశాస్త్రిగారు గోదావరివాళ్ళు. మనవాళ్ళు కొందరు సంగీత విద్వాంసులు పినాకపాణిగారిని కూడా తీసుకెళ్ళి ఆ అరుగు మీదే కూర్చోబెడతారు. ఆయన మన శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో 1913లో పుట్టారు. బేకన్లలోలాగా శాస్త్రం ఒకరిది, కళ మరొకరిది అంటూ జంటలు కలపనక్కర్లేకుండా ఆ రెండూ ఈయనలోనే ఉన్నాయి. విశాఖలో వైద్యం చదివి, కర్నూలు వైద్యకళాశాలలో ఆచార్యులయ్యారు. ఆసుపత్రిలో రోగులు, ఇంటికొస్తే శిష్యులు. పాడి ఊరుకోలేదు, కృతుల్ని స్వరాలతో సహా రాసి ‘సంగీత సౌరభం’ సంపుటాలు చేశారు. గమకాన్ని కాగితం మీద పెట్టడం ఎంత కష్టమో పాట నేర్చుకున్నవాళ్ళకి తెలుసు. 1983లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది, మరుసటేడు పద్మభూషణ్ వచ్చింది. 2013లో, నూరో ఏట పోయారు.

ఆ పాట ఎవరికి దక్కిందో చూడండి. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ, ఓలేటి వెంకటేశ్వర్లు. ఒక్కరూ శ్రీపాదవారు కారు. 1991లో నేదునూరివారికి కూడా అదే సంగీత కళానిధి వచ్చింది.